గట్టిపడని పూత - ఆగిన కూలి



ఇల్లు కట్టుకోవడం, ఉన్న ఇంటిని బాగు చేయించుకోవడం సామాన్య కుటుంబానికి ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో సాగే పనులు. యజమానికీ పనివానికీ మధ్య మనస్పర్థలు ఎక్కువగా పుట్టేది కూడా ఈ పనుల్లోనే. గోడ చెమ్మగిల్లితే మేస్త్రీని అంటాము, రంగు రాలితే పెయింటరును అంటాము. "ఎవరు చెడగొట్టారు?" అన్న ప్రశ్న వెంటనే నోటికి వస్తుంది. "ఏమి జరిగింది?" అన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా, అప్పటికే నాలుగు మాటలు జారిన తరువాత వస్తుంది. ఈ రెండో ప్రశ్నను ముందు వేసుకుంటే ఎంత మేలు జరుగుతుందో, గడచిన కార్తెలలో మా కుటుంబంలోనే జరిగిన ఒక వ్యవహారం ద్వారా వివరించదలచాము. వ్యవహారం చిన్నదే: ఒక కారు షెడ్డు నేల. దాని చుట్టూ నిలిచినవి మాత్రం ఒక యువకుని కూలి, అతని పేరు.

మా తమ్ముడు మచిలీపట్నంలో ఉంటాడు. ఇంటి ముందు పన్నెండు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు గల షెడ్డు ఉన్నది. పదకొండేళ్ళ నాటి సిమెంటు గచ్చు అక్కడక్కడ పొడిరాలుతుండడంతో, కుమారునికి కొత్త కారు రానున్న సందర్భంగా దానిపై ఎపాక్సీ పూత వేయించాలని నిశ్చయించాడు. ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో అద్దంలా మెరిసే నేలలను మీరు చూసే ఉంటారు. ఆ పూతే ఇది. పని ఒప్పుకున్నది ఇరవై మూడేళ్ళ యువకుడు. విజయవాడలో ఒక కాంట్రాక్టరు వద్ద రెండేళ్ళు పని నేర్చుకొని, సొంతంగా పనులు పట్టడం అప్పుడే ప్రారంభించాడు. కూలి తొమ్మిది వేలు, అందులో మూడు వేలు ముందుగా ఇచ్చారు. సరుకు మా తమ్ముడే దుకాణంలో కొని తెచ్చాడు.

సోమవారం ప్రైమరు, మంగళవారం మొదటి పూత, బుధవారం సాయంత్రం రెండో పూత పడ్డాయి. శనివారం నాటికి కూడా నేల అక్కడక్కడ చేతికి అంటుకుంటూనే ఉన్నది. మొత్తం మీద తెల్లని మసక కమ్మింది. పడమటి గోడ వెంబడి పొక్కులు లేచాయి. దుకాణదారుని అడిగితే "హార్డెనర్ తక్కువైతేనే ఇలా అవుతుంది" అన్నాడట. ఆ ఒక్క మాట మీద మా తమ్ముడు తీర్పు చెప్పేశాడు: కుర్రవాడు హార్డెనర్ దాచుకొని మరో పనికి వాడుకున్నాడని. మిగిలిన ఆరు వేలు ఇవ్వనన్నాడు. అంతటితో ఆగక వీధి చివర టీ దుకాణం వద్ద పదిమందిలో "దొంగ" అన్న మాట కూడా అనేశాడు. ఆ యువకుని తండ్రి మా వద్దకు వచ్చి, "మౌల్వీ సాబ్, డబ్బు పోతే పోయింది, ఆ మాటతో మా వాడికి ఈ ఊళ్ళో మరో పని పుట్టదు" అని కన్నీరు పెట్టుకున్నాడు. మేము ఆదివారం సాయంత్రం తమ్ముని ఇంటికి చేరుకున్నాము.

ముప్పై ఏళ్ళుగా మేము మదరసాలో వ్యాకరణమూ తర్కమూ బోధిస్తున్నాము. పాఠంలోకి వెళ్ళేముందు అందులోని ముఖ్యపదానికి హద్దులు గీయడం మాకు అలవాటు. అక్కడ అందరి నోటా వినిపిస్తున్న మాట ఒక్కటే: "పూత ఆరలేదు." మా వీధిలో ఉండే ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుణ్ణి ఈ మాట గురించి అడిగి, ఆయన ఓపికగా చెప్పింది రాసుకున్నాము. పాఠకులకు ఉపయోగపడుతుందని ఆ సారాంశాన్ని ఇక్కడ ఇస్తున్నాము.

గోడకు వేసే సున్నం, నీటితో కలిపే రంగు ఆరతాయి. అంటే వాటిలోని నీరు గాలిలోకి పోతుంది. షెడ్డు నేలకు వేసిన ఈ రకం ఎపాక్సీలో అలా ఎగిరిపోవలసినది దాదాపు ఏమీ ఉండదు. ఒక డబ్బాలో రెజిన్, మరో డబ్బాలో హార్డెనర్ ఉంటాయి. రెండూ విడివిడిగా ఉన్నంతకాలం ద్రవాలే. కలిసిన క్షణం నుంచి రెజిన్ అణువులూ హార్డెనర్ అణువులూ చేతులు కలుపుకొని ఒక పెద్ద వలగా అల్లుకుంటాయి. ఆ అల్లిక పూర్తి కావడమే గట్టిపడడం. దీనికి ప్రతి ఇంట్లో ఉన్న ఉదాహరణ అరాల్డైట్. 1946లో స్విట్జర్లాండ్‌లో మార్కెట్టులోకి వచ్చిన ఆ జిగురు కూడా ఎపాక్సీయే. అందుకే దాన్ని రెండు ట్యూబులుగా అమ్ముతారు. కుళాయి కారితే పెట్టే ఎం-సీల్ కూడా ఈ కుటుంబానిదే. రెండు ముద్దల రంగులు పూర్తిగా ఒకటయ్యేవరకు పిసకమని దాని పొట్లం మీద ఎందుకు రాస్తారో ఇప్పుడు అర్థమవుతుంది. కలవని చోట అల్లిక లేదు, అల్లిక లేని చోట గట్టిదనం లేదు.

ఇక్కడ మరో మాట కూడా తికమక పెడుతుంది. మన మేస్త్రీల భాషలో "క్యూరింగ్" అంటే కొత్త కాంక్రీటును రోజూ నీటితో తడపడం. ఎపాక్సీ పూత గట్టిపడడాన్ని కూడా "క్యూరింగ్" అనే అంటారు. పేరు ఒకటే అయినా స్వభావం తారుమారు. సిమెంటు నీటిని తాగి బలపడుతుంది. ఎపాక్సీ గట్టిపడుతున్న గంటల్లో నీరు తగిలితే చెడుతుంది. క్యూరింగ్ అని విని పూత మీద నీళ్ళు చల్లినవారు కూడా ఉన్నారని ఆ అధ్యాపకుడు నవ్వుతూ చెప్పారు.

హార్డెనర్ తగ్గితే రెజిన్ అణువుల్లో కొన్నింటికి జత దొరకదు, నేల మెత్తగా మిగిలిపోతుంది. ఎక్కువైతే? తొందరగా గట్టిపడుతుందని చాలామంది భావిస్తారు. అలా జరగదు. ఈసారి హార్డెనర్ అణువులకు జత దొరకదు. అవి జిగటగా, కొన్నిసార్లు పెళుసుగా మిగులుతాయి. త్వరపెట్టేది వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే మన ఎండల్లో బకెట్‌లో కలిపి ఉంచిన సరుకు, డబ్బా మీద రాసిన సమయం కంటే ముందే చిక్కబడి పనికిరాకుండా పోతుంది. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు దీనికి విరుద్ధమైన చిక్కు ఎదురవుతుంది. షికాగో, టొరంటో వంటి చోట్ల శీతకాలంలో గ్యారేజీ నేల పది డిగ్రీల కంటే దిగువకు చల్లబడితే సాధారణ ఎపాక్సీ దాదాపు కదలిక లేకుండా ఉండిపోతుంది. చలి వల్ల ఆగిన పూతకు వెచ్చదనం అందితే చాలావరకు తిరిగి గట్టిపడుతుంది. పాళ్ళు తప్పినా, కలపడం లోపించినా ఎన్ని రోజులు నిరీక్షించినా ఫలితం ఉండదు. కాబట్టి నేల అంటుకుంటున్నదని తెలిసినప్పుడు మొదట తేల్చుకోవలసినది ఇదే: ఇది వేచి ఉండదగినదా, తొలగించవలసినదా?

ఇంత తెలుసుకున్న తరువాత మేము సోమవారం ఉదయం షెడ్డులోకి వెళ్ళాము. తమ్ముణ్ణీ ఆ యువకుణ్ణీ ఇద్దరినీ పిలిపించాము. ఎవరినీ ఏమీ అడగకముందే నేలను చూడాలని కోరాము.

మొదట హార్డెనర్ దాచుకున్నాడన్న ఆరోపణ. మా తమ్ముడు తెచ్చిన బిల్లు ప్రకారం రెజిన్ పది కిలోలు, హార్డెనర్ అయిదు కిలోలు. డబ్బా మీద రాసిన పాళ్ళు తూకంలో రెండుకు ఒకటి. మిగిలిన సరుకు డబ్బాల్లోనే, మూతలు పెట్టి, షెడ్డు మూలన ఉన్నది. పక్కనే ఉన్న కిరాణా దుకాణంలో కాటా మీద వాటిని తూచాము. అవే రకం ఖాళీ డబ్బాలను దుకాణం నుంచి తెప్పించి ఆ బరువు తీసివేశాము. రెజిన్ ఒక కిలో రెండు వందల గ్రాములు, హార్డెనర్ ఆరు వందల గ్రాములు మిగిలాయి. అంటే వాడింది ఎనిమిది కిలోల ఎనిమిది వందలు, నాలుగు కిలోల నాలుగు వందలు. సరిగ్గా రెండుకు ఒకటి. కూరగాయల బండివాని వద్ద కాటా అరువు తెచ్చుకొని ప్రతి బకెట్‌నూ తూచానని ఆ యువకుడు మొదటి రోజు నుంచీ చెబుతున్న మాట నిజమని ఆ అంకెలు సాక్ష్యం పలికాయి.

అయినా తర్కం అక్కడ ఆగరాదు. మొత్తం సరిపోయినా, ఒక బకెట్‌లో తక్కువ, మరో బకెట్‌లో ఎక్కువ పడి ఉండవచ్చును కదా! దానికి సమాధానం నేల మీదే ఉన్నది. ఒక బకెట్‌లో పాళ్ళు తప్పితే, ఆ బకెట్‌తో పూసినంత మేరా అంటుకోవాలి. రెండో పూతకు మూడు బకెట్లు కలిపాడు. కాబట్టి నేలలో మూడో వంతు వెడల్పాటి పట్టీగా మెత్తగా ఉండాలి. మేము గోటితో నొక్కుతూ షెడ్డంతా తిరిగాము. మెత్తగా ఉన్నవి మూడే చోట్లు. ఒక్కొక్కటి పళ్ళెమంత మచ్చ, దాని నుంచి రోలర్ లాగిన దిశగా సన్నని చారలు. మిగిలిన నేల గోరు దిగనంత గట్టిగా ఉన్నది.

ఆ మూడు మచ్చల రహస్యం విప్పినది మా మరదలు. తలుపు చాటు నుంచే, "భాయ్‌జాన్, అవి బకెట్లు బోర్లించిన చోట్లు. బుధవారం నేను టీ పంపించేటప్పుడు చూశాను. మొదటి రోజు అడుగున మిగిలింది పక్కన పెట్టాడు. రెండో రోజు మాత్రం బకెట్ బోర్లించి గోడలు గీకి మరీ పూశాడు" అన్నది. యువకుడు తల వంచుకొని ఒప్పుకున్నాడు. చీకటి పడుతున్నది, మళ్ళీ తూచి కలిపే వ్యవధి లేదు, ఉన్నదాన్నే సరిపెట్టానన్నాడు.

ఎంత బాగా కలిపినా బకెట్ గోడలకూ అడుగు అంచుకూ కలపని రెజిన్ కొంత అంటుకొని ఉంటుంది. కలిపే కడ్డీ అక్కడికి చేరదు. దాన్ని గీకి నేల మీద పెడితే ఆ చోటు ఎన్నటికీ గట్టిపడదు. అందుకే నిపుణులు ఒక బకెట్‌లో డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ మూడు నిమిషాలు కలిపి, దాన్ని శుభ్రమైన మరో బకెట్‌లోకి ఒంచి, ఇంకోసారి కలుపుతారు. మొదటి బకెట్‌ను గీకరు. ఈ పద్ధతి ఆ యువకునికి ఎవరూ నేర్పలేదు. ఇది అతని పనిలోని లోపమే, అందులో సందేహం లేదు. అయితే పని తెలియకపోవడం ఒక విషయం, సొమ్ము దాచుకోవడం మరో విషయం. టీ దుకాణం వద్ద మా తమ్ముడు మాట్లాడినది రెండోదాని గురించి.

ఇక తెల్లని మసక. అది షెడ్డంతా సమంగా ఉన్నది. వేలితో రుద్దితే సబ్బులా జారుతున్నది. హార్డెనర్‌లో అమైన్లు అనే పదార్థాలు ఉంటాయి. గట్టిపడకముందు పూత మీద తేమ పేరుకుంటే, ఆ అమైన్లు తేమతోనూ గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోనూ కలిసి పైన జిడ్డు వంటి పొర ఏర్పరుస్తాయి. పై పొర చూసి లోపలంతా చెడిందని భ్రమపడడం సహజం. బుధవారం సాయంత్రం మబ్బు పట్టి ఉన్నది, రాత్రి జల్లు పడింది. షెడ్డుకు ముందువైపు ఊచల గేటే తప్ప తలుపు లేదు. సముద్రపు ఊరు, ఈశాన్య రుతుపవనాల కాలం. నేల ఉష్ణోగ్రత మంచు కురిసే స్థాయి కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువగా ఉన్నప్పుడే ఈ పూత వేయాలన్నది ఈ వృత్తిలో అందరూ పాటించే నియమం. ఆ సాయంత్రం వేయదగిన సాయంత్రం కాదు.

"ఆ రోజు పని ఆపుదామని ఎవరైనా అన్నారా?" అని అడిగాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా తమ్ముడే, "వాడు అన్నాడు భాయ్‌జాన్. రెండు రోజులు ఆగుదాం అన్నాడు. శుక్రవారం కారు వస్తుంది, ఈ రాత్రికి పూర్తి చేయాల్సిందే అని నేనే పట్టుబట్టాను" అన్నాడు. ఆ మాట చెప్పడం అతనికి తేలిక కాదని మాకు తెలుసు. మాట దాచనందుకు మేము లోలోన సంతోషించాము. నిజానికి బుధవారం రాత్రి వేసిన పూత మీదికి శుక్రవారం కారు ఎక్కించడం ఎలాగూ తగదు. సాధారణంగా ఒక రోజు తరువాత నడవవచ్చును, బరువైన వాహనానికి మాత్రం వారం రోజులు ఆగడం క్షేమం. తొందరపడితే వేడి టైర్లకు పూత అంటుకొని ఊడివస్తుంది.

మసకను పోగొట్టడానికి గోరువెచ్చని నీరు, కొద్దిగా సబ్బు, గీతలు పడని పీచు చాలు. ఒక మూల రుద్ది చూపించాము. అడుగున బూడిద రంగు నేల నిగనిగలాడుతూ బయటపడింది. అంతవరకు "మొత్తం పాడైంది" అంటున్న మా తమ్ముని ముఖంలో అప్పుడే మొదటిసారి మార్పు కనిపించింది. అయితే ఆ పొరను కడగకుండా దాని మీదే మరో పూత వేసి ఉంటే, ఆ పూత అతుక్కోక పొరలుగా లేచేది.

మిగిలినవి పడమటి గోడ వెంబడి పొక్కులు. ఒకదాన్ని కత్తి మొనతో విప్పితే లోపల చెమ్మ. ఆ గోడకు అవతలే నీళ్ళ సంపు ఉన్నది. దీనికి ఇంట్లోనే చేయదగిన ఒక పరీక్ష ఉన్నది. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని, పూత లేని నేల మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించాలి. కనీసం పదహారు గంటలు ఉంచి ఎత్తి చూడాలి. అడుగున నీటి బొట్లు పేరుకున్నా, గచ్చు రంగు ముదిరినా, నేల లోపలి నుంచి తేమ పైకి వస్తున్నదని అర్థం. పొక్కులు గీకిన చోట ఒకటి, సంపుకు దూరంగా గేటు పక్కన పూత వేయని గచ్చు మీద మరొకటి అతికించాము. మరునాడు చూస్తే గేటు పక్కన పొడిగా ఉన్నది, సంపు పక్కన బొట్లు నిలిచాయి.

పదకొండేళ్ళ క్రితం ఆ గచ్చు పోసినప్పుడు అడుగున ప్లాస్టిక్ పరవలేదు, సంపు గోడకు చెమ్మ ఆపే పూత వేయలేదు. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో అలా చేసేవారు తక్కువ. పూత వేయకముందే ఈ పరీక్ష చేసి ఉంటే బాగుండేది, దాన్ని అడగవలసినది యజమాని, చెప్పవలసినది పనివాడు. కానీ చెమ్మకు కారణం ఆ ఇద్దరిలో ఎవరూ కారు.

చూశారా! ఒకే నేల, మూడు లోపాలు, మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు. "పూత ఆరలేదు" అన్న ఒక్క మాటలో ఇవన్నీ కలగలిసిపోయి, ఒక్కని తల మీద పడ్డాయి.

ఈలోగా సలహాలు కూడా తక్కువ రాలేదు. అంటుకునే చోట హార్డెనర్ మాత్రమే పూయమని ఒకరు చెప్పారు. సగం అల్లుకొని నిలిచిపోయిన పొరలోకి పైన పూసిన హార్డెనర్ దిగదు. జిగట మీద జిగట చేరుతుంది. అన్నిటి మీదా ఇంకో పూత లాగించమని మరొకరు చెప్పారు. మెత్తని పునాది మీద గట్టి పొర నిలవదు, టైరు తిరిగిన మొదటి రోజే చీలుతుంది. దీనికి దగ్గరి దారి లేదు. మెత్తని భాగాన్ని స్క్రేపరుతో గట్టి నేల తగిలేవరకు గీకివేయాలి. మిగిలిన జిగటను అసిటోన్ తడిపిన గుడ్డతో తుడవాలి. ఆ సమయంలో గాలి బాగా ఆడాలి, దరిదాపుల్లో నిప్పు, బీడీ, స్విచ్చు ఏదీ ఉండరాదు. అంచులను గరుకు కాగితంతో రాపి, ధూళి తుడిచి, సరిగా కలిపిన కొత్త సరుకు పూయాలి.

ఒక జాగ్రత్తను తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పదలచాము. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి హాని చేస్తుంది. మేము ఆ యువకుని చేతులు చూశాము. మణికట్టు నుంచి మోచేతి వరకు ఎర్రగా కమిలి, దద్దుర్లు లేచి ఉన్నాయి. చేతి తొడుగులు లేకుండా కలిపాడు, పని ముగిశాక థిన్నర్‌తో కడుక్కున్నాడు. థిన్నర్ ఆ పదార్థాన్ని చర్మంలోకి మరింత దించుతుంది. సబ్బు నీటితోనే కడగాలి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తరువాత కొంచెం తగిలినా దద్దుర్లు వస్తాయి. అటువంటి వృత్తిలో ఉన్న పిల్లవానికి అది జీవనోపాధికే ముప్పు. అంటుకునే నేల ఉన్న షెడ్డులోకి చిన్న పిల్లలను ఆడుకోనివ్వకండి. మా తమ్ముడు ఆ చేతులను అప్పుడే చూసినట్లున్నాడు. లోపలికి వెళ్ళి మా మరదలితో చెప్పి మందు తెప్పించాడు.

మంగళవారం సాయంత్రం ఇరుపక్షాల పెద్దలు మా నిర్ణయం అడిగారు. మేము ఇలా చెప్పాము. మూడు మచ్చలను గీకి తిరిగి వేయడం యువకుని బాధ్యత, దానికి అదనపు కూలి లేదు. మిగిలిన సరుకు అందుకు సరిపోతుంది. మసక కడగడం ఇంటివారి పని, ఎందుకంటే ఆ సాయంత్రం పని ఆగకపోవడం వారి నిర్ణయం. సంపు గోడ చెమ్మను ముందు అరికట్టాలి. ఆ గోడ వెంబడి రెండడుగుల మేర పూత తీసివేసి కడప బండలు పరచాలి, ఖర్చు ఇంటివారిదే. ఆగిన ఆరు వేల కూలి ఈ పనులు ముగిసేవరకు ఆపకుండా ఆ రోజే ఇవ్వాలి. లోపం ఉన్నది మూడు పళ్ళేలంత చోట, చెమట ధారపోసింది రెండు వందల పదహారు చదరపు అడుగుల మీద.

చివరిది, అన్నిటికంటే బరువైనది: "దొంగ" అన్న మాట ఎక్కడ అన్నాడో అక్కడే, విన్నవారి ఎదుటే వెనక్కి తీసుకోవాలి.

డబ్బు మా తమ్ముడు అక్కడికక్కడే లెక్కపెట్టి ఇచ్చాడు. మాట వెనక్కి తీసుకోవడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. "ఇంటికి పిలిచి చెబుతాను భాయ్‌జాన్, అక్కడ పదిమందిలో వద్దు" అని మొదట బతిమాలాడు. "అన్నది ఇంట్లో కాదు కదా" అని మాత్రమే మేము అన్నాము. శుక్రవారం సాయంత్రం అతనంతట అతనే ఆ యువకుణ్ణి వెంటబెట్టుకొని టీ దుకాణానికి వెళ్ళాడు. తూకం లెక్క అందరికీ చెప్పాడు. హార్డెనర్ ఒక్క గ్రాము కూడా ఎటూ పోలేదని, తాను అన్న మాట తప్పని అన్నాడు. ఆ యువకుడు ఏమీ అనలేదట, టీ తాగి గ్లాసు కింద పెట్టి, "రేపు పొద్దున్నే వచ్చి మచ్చలు గీకుతాను చాచా" అన్నాడట. ఆ మరునాడు వచ్చాడు కూడా, ఈసారి చేతి తొడుగులతో.

పాఠకులలో ఎవరైనా ఇటువంటి పని చేయించదలచుకుంటే, మొదటి రోజే నాలుగు విషయాలు కాగితం మీద రాసుకొని ఇద్దరూ సంతకాలు చేసుకోండి. సరుకు ఎవరు కొంటారు, ఎంత. తేమ పరీక్ష ఎప్పుడు చేస్తారు. వాన గాని మబ్బు గాని ఉంటే పని ఆపే అధికారం ఎవరిది. కారు ఎన్నో రోజున లోపలికి వస్తుంది. కొత్తగా పోసిన కాంక్రీటు అయితే ఇరవై ఎనిమిది రోజులు గడిచాకే పూత గురించి ఆలోచించండి. నూనె మరకలు ఉంటే ముందు వదిలించండి. నున్నని సిమెంటు పాల పొర ఉంటే గ్రైండరుతో గరుకు చేయించండి. నేల మీద నాలుగు చుక్కల నీరు వేస్తే, నిమిషంలో ఇంకిపోవాలి. ముత్యాల్లా నిలిస్తే పూత కూడా అలాగే పైపైన నిలుస్తుంది.

మరో చిన్న సూచన. ప్రతి బకెట్ కలిపాక అందులోంచి కొద్దిగా ఒక అట్టముక్క మీద పూసి, పక్కన బకెట్ సంఖ్యా, సమయమూ రాసి నీడలో ఉంచమనండి. మరునాడు గోటితో నొక్కితే ఏ బకెట్ గట్టిపడిందో, ఏది గట్టిపడలేదో తేలిపోతుంది. ఖర్చు లేని పరీక్ష ఇది. నేల గట్టిపడి, లెక్కలు తీరి, కూలి చేతికి అందేవరకు ఆ అట్టముక్కను పారవేయకండి.